నంబరు సరే, పేరేదీ?

ఆమధ్య ఒక ఆదివారం పొద్దున్నే, గ్రైండర్లో మినప్పప్పు వేసి నీళ్ళు చిలకరిస్తూ ఉండగా హైదరాబాదు నుంచి మా అమ్మాయి ఫోను. "అమ్మా! పుస్తకానికి నంబరు తీసుకుందామా, వద్దా? ఇవాళ తేల్చి చెప్పెయ్యి" అంది.

తేల్చి చెప్పడమనేది మా ఇంటావంటా లేదు. అందులోనూ నంబర్ల సంగతి. చిన్నప్పుడు లెక్కల పరీక్షలో వచ్చిన నంబర్లు చూసి భయపడ్డాను. పెద్దయ్యాక వచ్చి మీద పడ్డ నంబర్లు చూసి విసిగిపోయాను. గ్యాసుకో నంబరు, కరెంటు మీటరుకో నంబరు, బ్యాంకు ఖాతాకో నంబరు, ఆధారుకి పన్నెండంకెలు. వీటన్నిటినీ ఒక డైరీలో రాసుకుని, ఆ డైరీ ఏ బీరువా అరలో పెట్టానో మరిచిపోయి వెతుక్కునే ఇల్లాల్ని నేను. ఇవి చాలక ఇప్పుడు పుస్తకానికి పదమూడంకెలా?

"పిండి రుబ్బడం అయ్యాక చేస్తానుండు" అని ఫోను పెట్టేశాను.

ఏం పుస్తకం అంటారా? చెబుతాను. మా అమ్మ పోయి ఆరేళ్ళయింది. కోనసీమలో మా ఊరి ఇల్లు అమ్మేసే ముందు అన్నయ్యా వదినా అటకలన్నీ దింపి, ఎవరి జ్ఞాపకాలు వాళ్ళు పట్టుకెళ్ళమన్నారు. నా వంతుకి రెండు ఇత్తడి గిన్నెలు, ఒక మరచెంబు, అమ్మ పాటల నోటు పుస్తకం వచ్చాయి. నోటు పుస్తకం రెండువందల పేజీలది. మంగళహారతులు, లాలిపాటలు, నలుగు పాటలు, బంతులాట పాటలు, అప్పగింతల పాటలు, అన్నీ కలిపి నూట పన్నెండు. ఒక పేజీ మీద నూనె మరక, మరో పేజీ మీద పసుపు వేలిముద్ర. ఆ వేలిముద్ర చూసినప్పుడల్లా అమ్మ ఇప్పుడే పోపు వేసి వచ్చి కూర్చుందా అనిపిస్తుంది.

వీటిని అచ్చు వేయిద్దామని మొదట నేనే అన్నాను. "అమ్మా, సొంత ఖర్చుతో పుస్తకం వేసుకున్నవాళ్ళ మంచాల కింద ఏముంటుందో నీకు తెలుసుగా" అంది మా అమ్మాయి. తెలుసు. మా వీధిలో ఒక కవిగారున్నారు. వాళ్ళావిడ చీపురు మంచం కిందికి వెళ్ళి చాలా ఏళ్ళయిందట. కాబట్టి కాగితం వద్దు, ఈ-పుస్తకం చేద్దాం, ఫోన్లోనే చదువుకోవచ్చు, చోటు పట్టదు, చెదలు పట్టవు అని తీర్మానం జరిగింది. నాలుగు నెలలు ఒంటివేలితో టైపు చేశాను. అంతా అయ్యాక ఇదుగో, ఈ నంబరు గొడవ.

ఐ.ఎస్.బి.ఎన్. అంటారు దాన్ని. మీ ఇంట్లో ఈమధ్య కొన్న పుస్తకం ఏదైనా తిరగేసి చూడండి, అట్ట వెనక నిలువు గీతల పైన ఉంటుంది. అది పుస్తకానికి అంతర్జాతీయ గుర్తింపు సంఖ్య అన్నమాట. సొంతంగా పుస్తకం వేసుకునేవాళ్ళు, అదీ కాగితం లేని పుస్తకం వేసుకునేవాళ్ళు ఇది తీసుకోవాలా, అక్కర్లేదా అన్నది మా ఇంటి సమస్య.

మావారు రిజిస్ట్రారాఫీసులో పనిచేసి రిటైరయ్యారు. ఆయన దృష్టిలో డాక్యుమెంటు నంబరు లేనిది ఏదీ లోకంలో లేనట్టే. "నంబరు లేకపోతే రేపు ఎవడైనా ఈ పాటలు నావే అంటే నువ్వేం చూపిస్తావోయ్?" అన్నారు. మా అమ్మాయేమో, "నాన్నా, ఈ-పుస్తకాలమ్మే దుకాణాలు చాలావరకు నంబరు అడగవు. లేకపోతే వాళ్ళే ఏదో ఒకటి తగిలించుకుంటారు" అంది. డాలస్‌లో ఉన్న మా చెల్లెలి కూతురు పిల్లల కథలు రాసి ఈ-పుస్తకాలుగా పెడుతుంటుంది. దాన్నీ అడిగాను. "పెద్దమ్మా, ఇక్కడ ఒక్క నంబరు కొనాలంటే 125 డాలర్లు. పక్కనే కెనడాలో ఊరికే ఇస్తారు. ఈ-బుక్కుకి నేను తీసుకోలేదు. అయినా అమ్ముడవుతూనే ఉంది" అంది.

ముగ్గురూ మూడు దారులు చూపించారు. దాంతో నేనే కాస్త కూర్చుని ఆ నంబరు పుట్టుపూర్వోత్తరాలు చదివాను. తీరా చదివితే ఆసక్తిగానే ఉంది.

1960ల మధ్యలో ఇంగ్లండులో డబ్ల్యు.హెచ్.స్మిత్ అనే పెద్ద పుస్తకాల వ్యాపార సంస్థ తన గిడ్డంగికి కంప్యూటరు తెచ్చుకోవాలనుకుందట. కంప్యూటరుకి పేర్లు చెబితే అక్షరం తేడా పడుతుంది, ఒకే పేరుతో నాలుగు పుస్తకాలుంటాయి. అందుకని గోర్డన్ ఫాస్టర్ అనే ఆచార్యుడి చేత తొమ్మిదంకెల పద్ధతి ఒకటి తయారు చేయించారు. 1970లో అది పదంకెలుగా అంతర్జాతీయ ప్రమాణం అయింది. 2007 జనవరి 1 నుంచి పదమూడంకెలు. అంటే ఈ నంబరు పుట్టింది సరస్వతీదేవి పూజగదిలో కాదు, గిడ్డంగిలో. మూటల్లో ఏ పుస్తకం ఎక్కడుందో వెతుక్కోవడానికి పుట్టింది. మా అమ్మ కాపురానికి తెచ్చుకున్న పుస్తకాల మీద ఏ నంబరూ లేదు. అవి పుస్తకాలు కాకపోలేదు కదా!

ఆ పదమూడంకెల్లో కూడా ముచ్చటైన సంగతులున్నాయి. మన సబ్బు పెట్టె మీద, బిస్కట్ల పొట్లం మీద గీతల కింద తరచు 890తో మొదలయ్యే అంకె కనిపిస్తుంది. అది మన దేశానికి కేటాయించిన అంకె. పుస్తకాలకి మాత్రం ఏ దేశానివైనా సరే 978 అనో 979 అనో మొదలవుతుంది. పుస్తకాలన్నీ కలిసి ఒక వేరే దేశమన్నట్టు! ఆ తర్వాతే మన వాటా. మనవాటికి 978 పక్కన 81 గానీ 93 గానీ కనిపిస్తుంది. దాని తర్వాత ప్రచురణకర్త ఎవరో చెప్పే అంకెలు, ఆపైన పుస్తకం ఏదో చెప్పే అంకెలు. చిట్టచివర ఒంటరిగా ఒక అంకె. దానికి ఏ సమాచారమూ లేదు. మొదటి పన్నెండూ సరిగా ఉన్నాయో లేదో చూడడమే దాని పని. మొదటి అంకెని ఒకటితో, రెండోదాన్ని మూడుతో, మళ్ళీ ఒకటితో, మళ్ళీ మూడుతో అలా హెచ్చవేసుకుంటూ పోయి అన్నీ కలిపితే చివర సున్నా రావాలి. బీరువాలోంచి ఒక పుస్తకం తీసి కూడి చూశాను. సరిగ్గా వంద వచ్చింది. ఎక్కడైనా ఒక్క అంకె తప్పు రాస్తే లెక్క పొసగదు. పెళ్ళిలో తోడిపెళ్ళికూతురులాంటిదన్నమాట ఆ చివరి అంకె. పెళ్ళి దానిది కాదు, కానీ అది పక్కన లేకపోతే పెద్దవాళ్ళు పిల్లని పంపరు.

మన దేశంలో ఈ నంబర్లు ఇచ్చేది ఢిల్లీలో రాజా రామమోహన్‌రాయ్ పేరు మీద ఉన్న జాతీయ సంస్థ. కేంద్ర విద్యాశాఖ కింద పనిచేస్తుంది. రచయితలు తమ పేరు మీదే దరఖాస్తు చేసుకోవచ్చు, 2016 నుంచి ఇంట్లో కూర్చునే కంప్యూటరులో చేసుకోవచ్చు. రుసుము ఏమీ లేదు. ఈ చివరి మాట మీరు గుర్తుపెట్టుకోవాలి. ఎందుకంటే మా పుస్తకం సంగతి ఎలా తెలిసిందో గానీ ఒకాయన నాకు ఫోను చేసి, "అమ్మగారూ, నంబరు నేనిప్పిస్తాను, ఐదువేలవుతుంది. అది ఉంటే మీ పుస్తకం ఎవరూ కాపీ కొట్టలేరు, మీకు సర్వహక్కులూ వస్తాయి" అన్నాడు. మా వారైతే సంతకం పెట్టేసేవారే. దరఖాస్తు నింపినందుకు కూలి అడిగితే తప్పు లేదు. లేని మహిమలు ఉన్నాయని చెప్పి అడిగితేనే తప్పు.

హక్కు సంగతి వేరు, నంబరు సంగతి వేరు. మన దేశంలో 1957 నాటి చట్టం ప్రకారం రాసిన మనిషికి రాసిన క్షణంలోనే హక్కు వస్తుంది. రిజిస్టరు చేయించుకోవడం కూడా మన ఇష్టమే, చెయ్యకపోయినా హక్కు పోదు. ఆ మనిషి పోయాక కూడా అరవై ఏళ్ళు వారసులకి ఉంటుంది. ఈ మాట చెబితే మా వారు రెండు రోజులు నమ్మలేదు. స్టాంపు కాగితం లేకుండా హక్కు పుట్టడమేమిటని ఆయన బాధ. నేనన్నానూ, "మనకి అమ్మాయి పుట్టినప్పుడు మునిసిపాలిటీవాళ్ళు కాగితం ఇచ్చేదాకా అది మన పిల్ల కాదా ఏమిటి?" ఆయన పేపరు అడ్డం పెట్టుకున్నారు.

అలాగే నంబరుంటే మంచి పుస్తకమనీ కాదు. చెత్త పుస్తకానికీ ఇస్తారు, గొప్ప పుస్తకానికీ ఇస్తారు. ఇంటి నంబరు చూసి ఇంట్లోవాళ్ళ మంచితనం తెలుస్తుందా?

మరి దుకాణాలవాళ్ళు తగిలించే నంబరు మాటేమిటి? అమెజాన్‌లో పెడితే పది అక్షరాల గుర్తు వాళ్ళే ఇస్తారు. గూగుల్‌వాళ్ళూ అంతే, మన దగ్గర నంబరు లేకపోతే వాళ్ళదొకటి వేస్తారు. మా చిన్నప్పుడు మా ఊళ్ళో బట్టలుతికే ఆవిడ ఒక్కో ఇంటి బట్టలకి ఒక్కో మూల నల్లజీడితో గుర్తు పెట్టేది. మా ఇంటిది రెండు చుక్కలూ ఒక గీతా. నూరు ఉతుకులకీ పోయేది కాదు. అది చూడగానే ఆవిడకి ఇది ఫలానా వారి చీరని తెలిసిపోయేది. కానీ ఆ చీర పట్టుకుని పక్క ఊరు వెళ్ళి ఆ గుర్తు చూపిస్తే ఎవరికి తెలుస్తుంది? ఈ దుకాణాల గుర్తులూ అలాంటివే. వాళ్ళ గుమ్మం లోపల చక్కగా పనిచేస్తాయి. గుమ్మం దాటితే చెల్లవు.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఒకే పుస్తకమైనా కాగితం మీద ఒక నంబరు, ఈ-పుస్తకానికి వేరే నంబరు. ఈ-పుస్తకంలోనే రెండు రూపాలు విడివిడిగా అమ్మితే రెండిటికీ వేరువేరు నంబర్లు. ఇదేం చాదస్తమనుకున్నాను గానీ, ఆలోచిస్తే సబబే. చెట్టు ఒకటే, కాయ ఒకటే. అయినా ఆవకాయ జాడీకీ మాగాయ జాడీకీ చీటీ వేరుగా అంటించమా? అడిగినవాళ్ళకి అడిగినది అందాలంటే తప్పదు మరి. ధర మార్చినా, అచ్చుతప్పులు రెండు దిద్దినా నంబరు మారదు. లోపలి సరుకు బాగా మార్చి కొత్త కూర్పు వేస్తే మాత్రం మారుతుంది. ఒకసారి ఒక పుస్తకానికిచ్చిన నంబరు మరి ఎప్పటికీ ఇంకో పుస్తకానికివ్వరు. పుస్తకం ఎవరూ కొనకపోయినా సరే, ఆ నంబరు దానిదే.

ఈ చివరి నియమం దగ్గర నా మనసు కాస్త ఆగింది.

అంతవరకూ నేను కూడా మా అమ్మాయి పక్షమే. నూట పన్నెండు పాటలు ఏ నంబరూ లేకుండా ఎన్ని తరాలు నడిచి మా అమ్మ దాకా వచ్చాయి! వాటికి మా అమ్మమ్మ గొంతే గ్రంథాలయం. పాట నిలవడానికి కావలసింది పాడే మనిషి, వినే పిల్ల. అంతే కదా అనుకున్నాను. కానీ వినే పిల్ల పక్కన లేకపోతే? నా మనవరాలు ఎక్కడో పరాయి దేశంలో ఇరవయ్యేళ్ళ తర్వాత ఈ పాట కోసం వెతికితే?

తాళ్ళపాక అన్నమయ్య ముప్ఫై రెండువేల సంకీర్తనలు చేశాడని చెప్పుకుంటాం. మనకి దొరికినవి అందులో సగం కూడా లేవు. ఆ దొరికినవి దొరకడానికి కారణం, ఆ ఇంటివాళ్ళు వాటిని రాగిరేకుల మీద చెక్కించి తిరుమలలో ఒక అరలో భద్రపరచడం. ఇవాళ అన్నమయ్య పాటల సంపుటం ఏది తీసినా పాట పక్కన రేకు సంఖ్య ఉంటుంది. ఫలానా రేకులో ఫలానా పాట అని. ఆ అంకె పాటకి అందం తేలేదు, భక్తి తేలేదు. పాట చిరునామా చెప్పింది, అంతే. ఆ చిరునామా పట్టుకుని నాలాంటి వాళ్ళు కూడా వెళ్ళి ఆ పాట తలుపు తట్టవచ్చు. ఆయన భార్య తిమ్మక్క 'సుభద్రా కళ్యాణం' రాసింది. తెలుగులో మనకి పేరు తెలిసిన తొలి కవయిత్రి ఆవిడేనంటారు. 'పేరు తెలిసిన' అన్న మాట ఒక్కసారి ఆగి చదవండి. అంతకు ముందు ఆడవాళ్ళు పాటలు కట్టలేదా? కట్టే ఉంటారు. పేర్లే లేవు.

కాగితం పుస్తకానికైతే కనీసం ఒక దారుంది. 1954 నాటి చట్టం ప్రకారం అచ్చయిన పుస్తకం కోల్‌కతాలో నేషనల్ లైబ్రరీకీ, ఇంకా చెన్నై, ముంబై, ఢిల్లీ గ్రంథాలయాలకీ పంపాలి. ఎక్కడో ఒక అలమారులో ఒక ప్రతి ఉంటుంది. కాగితం లేని పుస్తకానికి ఆ అలమారు కూడా లేదు. దుకాణం మూసేస్తే, ఆ దుకాణం వేసిన గుర్తూ దాంతోపాటే పోతుంది. కాబట్టి ఈ-పుస్తకానికి నంబరు అక్కర్లేదన్న మాట అమ్మకం వరకూ నిజమే. వెతకడం సంగతి వచ్చేసరికి దానికే ఎక్కువ అవసరమేమో అనిపించింది.

"సరే, తీసుకుందాం" అని మా అమ్మాయికి ఫోను చేశాను. "అయితే ఫారం నింపుతున్నాను, చెప్పు. ప్రచురణకర్త?" "నా పేరు రాయి." ఊరికే నంబరిస్తామన్న వాళ్ళ దగ్గర తీసుకుంటే కొన్నిచోట్ల ఆ గడిలో మన పేరుండదట. పెళ్ళయ్యాక ఇంటిపేరు మార్చుకున్నాం, రేషన్ కార్డులో ఫలానా వారి భార్య అని రాయించుకున్నాం, ఈ ఒక్క గడైనా మన పేరు మీద ఉండనివ్వమన్నాను.

"బావుంది. రచయిత?"

"అమ్మమ్మ పేరు" అన్నాను తడుముకోకుండా.

"అమ్మా, అమ్మమ్మ కట్టినవా ఇవన్నీ? కొన్ని వెనకటివి కదా. ఏవి ఎవరివో అడిగి చెప్పు. తర్వాత మార్చాలంటే అవస్థ."

నిజమే. అన్నయ్యకి ఫోను చేశాను. వాడు పాటల విషయం నాకేం తెలుసని వదినకిచ్చాడు. వదిన పన్నెండేళ్ళు అమ్మ దగ్గరే ఉండి కాపురం చేసింది. "అదేమిటమ్మా, నీకు తెలీదూ? చివర ఉన్న అప్పగింతల పాటలూ, ఆ బంతులాట పాటలూ పక్కింటి దొడ్డమ్మవి కదా!" అంది.

నాకు నోట మాట రాలేదు. ఆ అప్పగింతల పాటలకే మా అమ్మకి చుట్టుపక్కల ఊళ్ళలో పేరు. పెళ్ళంటే ఎడ్లబండి కట్టించి మరీ పిలిపించుకునేవారు. నా పెళ్ళిలో ఆవిడ పాడుతుంటే మగపెళ్ళివారు కూడా కళ్ళు తుడుచుకున్నారు.

పక్కింటి దొడ్డమ్మ నాకు బాగా గుర్తు. తెల్లచీర, బోడితల, చేతిలో ఎప్పుడూ ఏదో పని. ఎనిమిదేళ్ళకి పెళ్ళిచేస్తే పదకొండేళ్ళకి ఆ పెళ్ళి కాస్తా ముగిసిపోయిందట. అన్నగారింట్లో ఉండేది. మధ్యాహ్నాలు పెరటి గోడకి అటు ఆవిడ, ఇటు మా అమ్మ. ఆవిడ చెబుతుంటే అమ్మ రాసుకునేదట. పెళ్ళిపందిట్లో ఆవిడకి చోటు లేదు, హారతి దగ్గర ఆవిడ గొంతు వినపడకూడదు. అందుకని ఆవిడ పాటలు మా అమ్మ గొంతుతో పెళ్ళికి వెళ్ళేవి.

"అత్తయ్యగారు ఒకసారి అందరి ముందూ చెప్పబోయారట. దొడ్డమ్మే చెయ్యి పట్టుకుని వద్దందట. నావని తెలిస్తే ఇక పెళ్ళిలో పాడనిస్తారటే అని" అంది వదిన.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అమ్మ చేసింది తప్పా? అప్పటికి తప్పు కాదేమో. పేరు దాచడమే ఆ పాటని బతికించింది. కానీ ఇవాళ నేను ఫారంలో అమ్మ పేరు రాస్తే అది అమ్మ చేసిన పనికి కొనసాగింపు అవుతుందా? పందిట్లో ఎవరూ "ఎవరు కట్టారు?" అని అడగలేదు, అమ్మ అబద్ధం చెప్పలేదు. ఇక్కడ గడి పెట్టి మరీ అడుగుతున్నారు. పైగా ఆ నంబరు మరొకరికి ఇవ్వరు. ఆ నంబరున్నంత కాలం ఒక మనిషి పాట మీద ఇంకో మనిషి పేరు ఉంటుంది. అప్పుడు అమ్మ మౌనాన్ని నేను అబద్ధం చేసినట్టే.

మరి దొడ్డమ్మ వద్దంది కదా, ఆవిడ మాట కాదనవచ్చా? ఈ ప్రశ్న కూడా నన్ను పీడించింది. తెల్లవారుజామున నాకు తోచిందేమిటంటే, ఆవిడ తన పేరు వద్దనలేదు, పాట ఆగిపోకూడదంది. ఇవాళ ఆవిడ పేరు చెబితే పాట ఆగదు. అలా ఆపే పందిరి ఇంకా ఎక్కడైనా ఉంటే, ఆ పందిట్లో పాడకపోయినా ఫరవాలేదు.

అదీ బానే ఉంది. కానీ దొడ్డమ్మ పేరేమిటి?

నాకు తెలీదు. వదినకి తెలీదు. అన్నయ్యకి అసలే తెలీదు. ఊరంతా ఆవిడ్ని దొడ్డమ్మనే పిలిచేది. ఆవిడ అన్నగారి పిల్లలు ఎక్కడున్నారో ఆచూకీ లేదు. మా వారు తన ఆఫీసు బుద్ధి ఉపయోగించి, "ఆస్తేమైనా ఉంటే దస్తావేజులో పేరుండేది" అన్నారు. ఆవిడకి ఆస్తెక్కడిది! "అజ్ఞాత కవయిత్రి అని రాసేద్దాం" అంది మా అమ్మాయి. రోజూ నాకు వేరుశనగుండలు పెట్టిన మనిషి నాకు అజ్ఞాత ఎలా అవుతుంది? పదమూడంకెల నంబరు ఢిల్లీ నుంచి ఊరికే తెప్పించుకోవచ్చు. ఒక్క పేరు మాత్రం ఎక్కడా దొరకలేదు.

వారం పది రోజులు అలాగే గడిచాయి. ఓ రోజు పులిహోర కలపడానికి చింతపండు నానేసి, మిగిలిన పిప్పితో అమ్మ ఇత్తడి గిన్నెలు తోముదామని కూర్చున్నాను. మొదటి గిన్నె అంచు మీద చుక్కలు చుక్కలుగా కొట్టించిన అమ్మ పేరు. రెండో గిన్నె మీద మకిలి వదిలేసరికి ఇంకేదో పేరు. ముందు ఇంటిపేరు అక్షరం, తర్వాత నాలుగక్షరాల ఆడపేరు. మా చుట్టాల్లో ఆ పేరెవరికీ లేదు.

చేతులు కడుక్కోకుండానే అన్నయ్యకి ఫోను చేశాను. ఇంటిపేరు అక్షరం పక్కింటివాళ్ళదేనా? పక్కింటివాళ్ళది కాదు. దొడ్డమ్మ అత్తవారిది! ఆ ఇంటిపేరు మాత్రం అన్నయ్యకి గుర్తుంది, ఎందుకంటే ఆ ఊరివాళ్ళు వీడితో కలిసి చదివారు. ఆ ఇంట్లో ఇంకెవరికీ ఆ అత్తవారి ఊరితో సంబంధం లేదు. ఎనిమిదేళ్ళ పిల్లకి పెళ్ళిసారెలో ఇచ్చిన గిన్నె అది. ఆ పెళ్ళి వల్ల ఆవిడకి మిగిలింది ఆ గిన్నె, దాని మీద పేరు.

మా ఇంటికెలా వచ్చిందంటారా? వదినే చెప్పింది. ఒక పండక్కి దొడ్డమ్మ అందులో ఏదో పెట్టి పంపిందట. ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వకూడదు కదా, ఏదైనా చేసినప్పుడు నింపి పంపుదామని అమ్మ దాచింది. ఈలోగా ఆ అన్నగారికి బదిలీ అయి ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయారు. ఏ ఊరు వెళ్ళారో, ఆవిడ ఎప్పుడు పోయిందో అమ్మకి తెలియనే లేదు. గిన్నె అటకెక్కింది.

ఫారం మళ్ళీ తీశాం. సేకరణ గడిలో అమ్మ పేరు. పదకొండు పాటలు దొడ్డమ్మవని వదిన గట్టిగా చెప్పగలిగింది, ఆ పదకొండుకీ రచయిత్రిగా గిన్నె మీది పేరు. మిగిలినవి సంప్రదాయం. తెలియని చోట తెలియదని రాయడం కూడా నిజమేనని మా అమ్మాయి అంది. నంబరు ఒక్కటే తీసుకున్నాం, అమ్మకానికి పెట్టే రూపానికి. చుట్టాలకి పంపుకునే ప్రతికి నంబరు ఎందుకు? వాళ్ళకి మా ఇల్లు తెలుసు.

కాబట్టి, సొంతంగా ఈ-పుస్తకం వేసుకునే చెల్లెళ్ళెవరైనా నన్ను అడిగితే ఇదే చెబుతాను. నంబరు తప్పనిసరి కాదు. అది లేకపోతే పుస్తకం పుస్తకం కాకపోదు, మీ హక్కు ఎక్కడికీ పోదు. ఇంట్లోవాళ్ళకీ, ఎరిగినవాళ్ళకీ ఇచ్చుకునేదైతే మానెయ్యండి. మీరెవరో తెలియని మనిషి ఎప్పుడో ఒకప్పుడు వెతుక్కుంటూ రావాలని మీకుంటే తీసుకోండి, డబ్బు మాత్రం ఎవరికీ ఇవ్వకండి. ఫారం నింపేటప్పుడు పేరు గడి దగ్గర కాస్త ఆగండి. వంటలు రాస్తే అది ఏ వదిన నేర్పిందో, కథ రాస్తే అది ఎవరు చెప్పిన సంగతో ఒకసారి తలుచుకోండి. అంకెల్లో తప్పు పడితే చివరి అంకె పట్టుకుంటుంది. పేర్లలో తప్పు పడితే పట్టుకోవడానికి మనం తప్ప ఎవరూ లేరు.

దొడ్డమ్మ పేరు ఇక్కడ రాయను. పుస్తకంలో ఉంది, చూసుకోండి. గిన్నె మాత్రం మళ్ళీ అటకెక్కించలేదు. వంటింట్లో గూట్లో పెట్టాను. తోమినప్పుడల్లా అంచు మీద వేలు పెట్టి ఆ చుక్కలు ఓసారి తడిమి చూస్తుంటాను. మా వారు, "అంత అరిగేలా తోమకోయ్, పేరు పోతుంది" అంటారు. ఇప్పుడు పోయినా ఫరవాలేదు లెండి.